అప్‌డేట్: చదువు, ఈత, స్నేహాలు మూడూ కుదిరే విశ్వవిద్యాలయం

అమెరికాలో జీవశాస్త్రం చదువుతూ, ఈత జట్టులో కొనసాగుతూ, స్నేహితులతో గడపడానికీ కాస్త తీరిక మిగిలే విశ్వవిద్యాలయాన్ని మా అమ్మాయికి ఎలా ఎంచుకోవాలని లోగడ అడిగాను. డివిజన్ (అక్కడి కళాశాలల క్రీడా జట్లను విభజించే 1, 2, 3 అనే వర్గం) పేరును కాక వారపు టైమ్‌టేబుల్‌ను చూడమని మీలో చాలామంది సలహా ఇచ్చారు. అలాగే చేశాము.

కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధనల ప్రకారం డివిజన్ 1లో పోటీల సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి క్రీడా కార్యక్రమాలు ఉండకూడదు. అయితే పోటీ రోజును, అది ఎంతసేపు సాగినా, 3 గంటలుగానే లెక్కిస్తారు. ప్రయాణ సమయం ఆ లెక్కలోకే రాదు. కాబట్టి కాగితం మీది 20 గంటలను నమ్ముకుని చదువుకు ప్రణాళిక వేసుకోవడం కుదరదని మాకు అర్థమైంది. డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు గానీ, ఆర్థిక అవసరాన్ని బట్టీ చదువులో ప్రతిభను బట్టీ సహాయం దొరుకుతుంది.

మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజున సాధన సంగతేమిటని అమ్మాయి ప్రతి కోచ్‌నూ అడిగింది. ఒకాయన సర్దుకోవాలని చెప్పి ఊరుకున్నారు. ఒక డివిజన్ 3 కళాశాల కోచ్ అయిన మరొకావిడ అలాంటి వారికోసమే నడిపే ఉదయం 6 గంటల బ్యాచ్ పట్టికను తీసి చూపించారు. (మా అమ్మాయికి తెల్లవారుజామున లేవడం ససేమిరా పడదు, అది వేరే సంగతి.) అక్కడి భోజనశాలలో ఈతగాళ్లు ఇతర విద్యార్థులతో కలిసి కూర్చోవడం కూడా గమనించాము.

చివరికి ఆ డివిజన్ 3 కళాశాలకే డిపాజిట్ కట్టాము. హాస్టల్ గదిలో మాత్రం జట్టుకు చెందని అమ్మాయే తోడుగా కావాలని దరఖాస్తులో రాసింది.