కళాశాల నెట్‌వర్క్‌లో వీడియోలకు ప్రాక్సీ క్యాష్: హెచ్‌టీటీపీఎస్‌ను మధ్యలో విప్పవచ్చా?

ల్యాబ్ మాస్టారు, విజయనగరం:
మా ల్యాబ్‌లో 60 కంప్యూటర్లు, 50 ఎంబీపీఎస్ లైను ఒకటి ఉన్నాయి. పాఠం వీడియో ఒక్కొక్కటీ సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లే తీసుకున్నా, అందరూ ఒకేసారి తెరిస్తే 90 కావాలి కనుక, పాఠం మొదలైన కాసేపటికే తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. ముప్పావుగంట పాఠమంటే సుమారు 500 ఎంబీ. దాన్నే అరవైసార్లు బయటినుంచి తెచ్చుకుంటున్నాము. ఒకసారి తెచ్చినదాన్ని దాచుకుని అందరికీ ఇచ్చే ప్రాక్సీ క్యాష్ సాఫ్ట్‌వేరు స్క్విడ్ పెట్టి చూశాను. లాగ్ నిండా ‘కనెక్ట్’, ‘443’, ‘టీసీపీ టనెల్’ తప్ప ఒక్క ‘హిట్’ (దాచినదాంట్లోంచి ఇచ్చినట్టు గుర్తు) లేదు. అంటే అంతా హెచ్‌టీటీపీఎస్‌లో, గుప్తలిపి మూటగా, స్క్విడ్‌కు కనబడకుండానే దాటిపోతోంది. కంప్యూటర్లు మావే కాబట్టి, అవి మా ప్రాక్సీని నమ్మేలా వాటిలో మా సర్టిఫికెట్ ఎక్కించి, ఆ మూట విప్పి దాచుకోవడం సబబేనా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:
సబబు కాదనే నా అభిప్రాయం. ఇప్పుడు మీ స్క్విడ్‌కు తెలిసేది అవతలి సర్వరు పేరొక్కటే. మూట విప్పితే లోపలిది కనబడుతుంది, నిజమే. కానీ వీడియోతోపాటు పిల్లల మెయిలు, ఫీజు కట్టేటప్పటి బ్యాంకు పాస్‌వర్డు కూడా మీ పెట్టె గుండానే విప్పి పోతాయి. ఇంత చేసినా దక్కేది స్వల్పం. యూట్యూబు వంటివాటి వీడియో చిరునామాలో గడువు, సంతకం ఉండి, మనిషికొక రకంగా మారుతుంది కనుక, ఒకరికి తెచ్చినది రెండోవారికి పనికిరాదు. పైగా ప్లేయరు ఫైలును ముక్కలుగా అడిగితే వచ్చే 206 (పాక్షిక) జవాబులను స్క్విడ్ దాచదు. అసలు దాని మామూలు సెట్టింగులో ఒక్కో వస్తువుకు 4 ఎంబీయే హద్దు. బ్రౌజరు క్విక్ అనే పద్ధతిలో, టీసీపీ బదులు యూడీపీ మీద వెళ్లిపోతే ప్రాక్సీ గడపే తొక్కదు.

ఆమదాలవలస కేబుల్:
అంత తీసిపారేయవద్దండీ. చిరునామాలు మారే సమస్యకు స్క్విడ్ 3.4 నుంచి స్టోర్ ఐడీ ఉంది. పది రకాల చిరునామాలను ఒకే పేరు కింద జమ చేస్తుంది. బ్యాంకు సైట్లను విప్పకుండా వదిలేసే నియమమూ రాసుకోవచ్చు. వీడియోలు మామూలు హెచ్‌టీటీపీలో వచ్చే రోజుల్లో నేనే ఇలా నడిపి, లైను సగం మిగుల్చుకున్నాను.

నాగావళి ఒడ్డు:
ఆ రోజులు వేరు. అవతలివారు చిరునామా తీరు మార్చిన ప్రతిసారీ మాస్టారు మళ్లీ నియమాలు రాసుకోవాలి, పాఠాలు చెప్పేదెప్పుడు? మాస్టారూ, ఒక్క మాట చెప్పండి: ఆ పాఠాలు ఎవరివి?

ల్యాబ్ మాస్టారు:
ముప్పాతిక వంతు మా అధ్యాపకులు రికార్డు చేసినవే. అద్దె సర్వరులో, మా సొంత డొమైనులో ఉన్నాయి.

నాగావళి ఒడ్డు:
అయితే చిక్కు సగం తీరినట్టే. వాటిని హెచ్‌ఎల్‌ఎస్‌గా, అంటే ఆరేసి సెకన్ల ముక్కలుగా, వాటి జాబితాతో సహా కోయించండి. ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటరులో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరును క్యాష్‌గా పెట్టి, లోపలి డీఎన్‌ఎస్‌లో (సైటు పేరుకు చిరునామా చెప్పే సర్వరులో) మీ డొమైను పేరు దానివైపు తిప్పండి. పేరు మీది, సర్టిఫికెట్ మీది. ఎవరి మూటా విప్పనక్కరలేదు. ‘ప్రాక్సీ క్యాష్ లాక్’ మాత్రం ఆన్ చేయండి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. పైడితల్లి జాతరలో సిరిమాను కదిలినప్పుడు జనమంతా ఒకే వైపు చూసినట్టు, క్లాసులో అరవై మందీ ఒకే క్షణాన ఒకే ముక్క అడుగుతారు. లాక్ ఉంటే ఒక్క అభ్యర్థనే బయటికి వెళ్లి, తక్కినవారు ఆ ముక్క వచ్చేదాకా ఆగుతారు.

ఆమదాలవలస కేబుల్:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. బయటి వీడియోల విషయంలో మాత్రం నా మాట నాదే. ఒకటి జతచేస్తాను: ప్రత్యక్ష ప్రసారం చేసేటట్టయితే ముక్కలను రోజుల తరబడి దాచినా ఫరవాలేదు గానీ, ఏయే ముక్కలున్నాయో చెప్పే ఎం3యూ8 జాబితాను ఒకటి రెండు సెకన్లకు మించి దాచవద్దు. మా దగ్గర ఒకసారి దాన్ని పది నిమిషాలు దాచితే, చూసేవారందరికీ బొమ్మ అక్కడికక్కడే నిలిచిపోయింది. తప్పు లైనుదనుకుని స్తంభాలెక్కి తీగలన్నీ వెతికాము.