అండమాన్: దంపతులిద్దరం తక్కువ ఖర్చుతో దీవులు తిరిగి రావడం ఎలా?

ప్రశ్న (విజయనగరం వాసి):
నమస్కారమండీ. వచ్చే ఫిబ్రవరిలో నేనూ, మా ఆవిడా అండమాన్ వెళ్దామనుకుంటున్నాము. రాకపోకల ఛార్జీలతో కలిపి అరవై వేలు దాటకూడదన్నది మా లెక్క. ఒక ట్రావెల్స్ వారు ఆరు రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్, దిగ్లీపూర్ అన్నీ చూపిస్తామంటున్నారు గానీ, వారు చెప్పిన ధర మా అంచనాకు అందనంత దూరంలో ఉంది. సొంతంగా వెళ్తే ఇవన్నీ కుదురుతాయా? విశాఖ నుంచి ఓడ ఎక్కితే డబ్బు కలిసొస్తుందా? దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ పడవల్లో బయటివారికి టికెట్లు దొరుకుతాయా? మా ఆవిడకు ఈత రాదు, పైగా పడవ ఊగితే కడుపులో తిప్పుతుంది. వెళ్ళొచ్చినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు (గాజువాక నుంచి):
ముందు ఓడ సంగతి. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఉన్నమాట నిజమే గానీ, అది నెలకు ఒకసారి దొరికితే గొప్ప; తేదీలు కూడా చాలా ముందుగా ఖాయం కావు. ప్రయాణం ఒకవైపే రెండు రోజుల పైన పడుతుంది. బంక్ తరగతి టికెట్టు చౌకే, కాదనను. అయితే తిరుగు ఓడ మీ సెలవుకు కలిసి రాకపోతే అక్కడ అదనంగా గడపవలసిన రోజులకు గదీ, భోజనమూ కలిపి, మిగిలిందనుకున్నది కాస్తా హరించుకుపోతుంది. కడుపులో తిప్పే మనిషిని బంగాళాఖాతం మీద అన్ని గంటలు కూర్చోబెట్టడం నాకైతే న్యాయంగా తోచలేదు. హైదరాబాద్ నుంచో, చెన్నై నుంచో విమానం టికెట్లు ఇప్పుడే తీసుకోండి. ఫిబ్రవరి మంచి సీజను కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది.

అసలు ఖర్చంతా గదుల్లో లేదు, సముద్రం ఎన్నిసార్లు దాటతారన్నదానిలో ఉంది. ప్రైవేటు వేగ పడవల్లో మనిషికి ఒక్కో విడతకు వెయ్యి రూపాయల పైమాటే. ప్రభుత్వ పడవలో అందులో సగం కూడా కాదు. అందుచేత పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు, అక్కడి నుంచి నేరుగా నీల్‌కు, నీల్ నుంచి వెనక్కి పోర్ట్‌బ్లెయిర్‌కు వేసుకుంటే మూడే విడతలతో పని పూర్తవుతుంది. ప్రతి దీవికీ పోర్ట్‌బ్లెయిర్ నుంచే వెళ్ళి రావాలనుకుంటే నాలుగవుతాయి. హేవ్‌లాక్‌లో మూడు రాత్రులు ఒకేచోట గది తీసుకుని, జెట్టీ నుంచి రాధానగర్ బీచికి వెళ్ళే ప్రభుత్వ బస్సు పట్టుకోండి. టాక్సీ వారు వందల్లో అడిగే ఆ పన్నెండు కిలోమీటర్ల దారికి బస్సులో చిల్లర సరిపోతుంది. మీకు లైసెన్సు ఉంటే స్కూటరు అద్దెకు తీసుకోవడమూ తేలికే.

దిగ్లీపూర్ మాత్రం ఈసారికి వదిలేయండి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. జరావా ఆదివాసుల రిజర్వు ప్రాంతంలో వాహనాలన్నీ కాన్వాయ్‌గానే కదలాలి, మధ్యలో బస్సును పంటు మీద ఎక్కించి పాయ దాటించాలి. రానూ పోనూ రెండు రోజులు బస్సులోనే గడిచిపోతాయి.

జవాబు (పోర్ట్‌బ్లెయిర్ తెలుగువాడు):
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. ప్రభుత్వ పడవల విషయంలో ఒక మాట కలపాలి. వాటిలో మొదటి ప్రాధాన్యం ఇక్కడి నివాసులకే, బయటివారికి మిగిలే సీట్లు కొన్నే. ఆన్‌లైన్‌లో ప్రయాణానికి కొద్ది రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు కనుక తెరిచిన రోజునే చూడండి. దొరక్కపోతే పోర్ట్‌బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ కౌంటరు దగ్గర పొద్దున్నే నిలబడాలి. మీ ఆవిడ గారి ఇబ్బంది దృష్ట్యా కూడా నేను ఈ పడవనే సూచిస్తాను. వేగ పడవలు చాలావరకు అద్దాలు బిగించిన ఏసీ గదులు, దారిలో లేచి బయటికి రానివ్వరు. ప్రభుత్వ పడవలో డెక్కు మీద గాలి తగిలేలా నిలబడి దూరాన గట్టును చూస్తూ వెళ్ళవచ్చు. గంట ఆలస్యమైనా కడుపు నెమ్మదిగా ఉంటుంది.

ఇక్కడి బోర్డుల మీద కొత్త పేర్లు కనిపిస్తాయి, తడబడకండి. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. భాష గురించి బెంగ అక్కరలేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మీకు బజారులోనే తగులుతాయి. ఒకటి గుర్తుంచుకోండి: ఈ దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నా ఇక్కడా దేశమంతటి గడియారమే వాడుతున్నాము కాబట్టి ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నర ప్రాంతానికే పొద్దుగుంకుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి ఒక కునుకు తీసి బయలుదేరదామంటే రాధానగర్‌లో చీకటే మిగులుతుంది.

ప్రశ్నించినవారు (విజయనగరం వాసి):
ఇద్దరికీ ధన్యవాదాలండీ. దిగ్లీపూర్ ఆలోచన మానేశాము. ఈత రానివారికి నీల్‌లో చూడదగినవి ఏమైనా ఉన్నాయా, లేక ఆ రాత్రులు కూడా హేవ్‌లాక్‌కే ఇవ్వమంటారా?

జవాబు (గాజువాక నుంచి):
నీల్‌ను తప్పించకండి, ఈత రానివారికి అదే ఎక్కువ అనుకూలం. జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ బీచిలో అడుగున అద్దం బిగించిన పడవలు ఉంటాయి. ఒళ్ళు తడవకుండానే పగడాలు చూడవచ్చు. లక్ష్మణ్‌పూర్ వైపు సహజ శిలాతోరణం ఉంది. పోటు సమయంలో వెళ్తే దాని దగ్గరికి చేరడం కష్టం, కాబట్టి ఆ రోజు ఆటు ఎప్పుడో గది ఇచ్చినవారిని అడిగి బయలుదేరండి. ఆటులో రాళ్ళ సందుల్లో మిగిలిన నీటి గుంటల్లో చిన్న చేపలు, సముద్ర దోసకాయలనే జీవులు కనిపిస్తాయి. ఆ రాళ్ళు పాచి పట్టి జారుతాయి, మామూలు చెప్పులు పనికిరావు. దీవి చిన్నది కాబట్టి సైకిలు చాలు. పగడపు ముక్క నేల మీద పడి ఉన్నదైనా సంచిలో వేసుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీలో బయటపడుతుంది.

నీల్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు విమానానికి ముందు రోజే వచ్చేయండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆపేస్తారు, విమానం మాత్రం మీ కోసం ఆగదు. ఆ మిగిలిన పూట సెల్యులార్ జైలుకు సరిగ్గా సరిపోతుంది.