రోజూ వాడకానికి కార్గో సైకిల్: ముందు పెట్టె ఉన్నదా, వెనక పొడుగ్గా ఉన్నదా?

రెండుసంచులు అడిగారు:

అందరికీ నమస్కారం. రోజూ తిరిగే తిరుగుడంతా కారు నుంచి కార్గో సైకిల్ (పిల్లల్నీ సామాన్లనీ మోసే సైకిల్) మీదకు మార్చేద్దామని ఇంట్లో గట్టిగా అనుకుంటున్నాం. పిల్లలు ఇద్దరు, పెద్దదానికి ఆరేళ్లు, చిన్నోడికి మూడు. బడి 5 కిలోమీటర్లు, దారిలో ఒక వంతెన ఉంది, మామూలు సైకిల్ మీద ఒక్కడినే ఎక్కినా ఆయాసం వస్తుంది. వారానికి రెండుసార్లు సరుకులు తేవాలి. నేనూ మా ఆవిడా ఇద్దరం తొక్కాలి, తను నాకంటే అరడుగు పొట్టి.

నెల రోజులుగా వీడియోలు చూస్తున్నాను, చూసేకొద్దీ అయోమయం ఎక్కువవుతోంది. వెనక పొడుగ్గా ఉండే లాంగ్‌టెయిల్ మంచిదని ఒకరంటారు, ముందు పెట్టె ఉన్నదే పిల్లలకు భద్రం అని ఇంకొకరు. మూడు చక్రాలదైతే పడిపోయే టెన్షనే ఉండదని మా అన్నయ్య అంటున్నాడు. ఇంకో సంగతి, సైకిల్ లోపల పెట్టాలంటే గేటు పక్క సందులోంచి పోవాలి, టేపు పెట్టి కొలిచాను, సరిగ్గా 80 సెంటీమీటర్లు. మోటారు ఉన్నదే తీసుకోవాలా, లేకుండా నెట్టుకురాగలమా? నిజంగా రోజూ వాడేవాళ్లు చెబితే బాగుంటుంది.

పొడుగుతోక:

నాలుగేళ్లుగా లాంగ్‌టెయిల్ తొక్కుతున్నానండీ, ఇద్దరు పిల్లలతోనే. అందరూ ఎంత బరువు మోస్తుంది, ఎంత దూరం పోతుంది అనే అడుగుతారు, కానీ కదులుతున్నప్పుడు ఏ కార్గో సైకిలైనా బాగానే ఉంటుంది. ఇబ్బందంతా అది ఆగినప్పుడే. సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టినప్పుడు, బడి ముందు స్టాండ్ వేసేటప్పుడు, ఒకళ్లు దిగి ఇంకొకళ్లు పైన ఉన్నప్పుడు. కొనే ముందు ఈ మూడూ చేసి చూడండి, మిగతావి తర్వాత.

మొదటి నెలలో నాకేం జరిగిందో చెబుతా. రెండు కాళ్ల స్టాండ్ వేసి ముందు పెద్దవాణ్ణి దించాను. నేల కాస్త ముందుకు వాలుగా ఉంది, నేను చూసుకోలేదు. వాడు దిగుతూ దిగుతూ చేతిపట్టీ పట్టుకుని ముందుకు లాగాడు, అంతే, బండి స్టాండ్ మీంచి జారిపోయింది. చిన్నది ఇంకా బెల్టుతో పైనే ఉంది. తుంటి అడ్డుపెట్టి ఆపగలిగాను కాబట్టి ఏమీ కాలేదు గానీ, ఆ రోజంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఒక వరస పెట్టుకున్నాను, ఇప్పటికీ తప్పను. ముందు చదునైన చోటు చూసుకోవడం, స్టాండ్ వేయడం, ముందు బ్రేకు లీవరును గట్టి రబ్బరు పట్టీతో హ్యాండిల్‌కు బిగించేయడం, ఆ తర్వాతే పిల్లలు. ఎక్కేటప్పుడు చిన్నది చివర, దిగేటప్పుడు చిన్నది ముందు, అంటే స్టాండ్ మీద ఉన్న బండి మీద చిన్నది ఒక్కతే ఎప్పుడూ ఉండదు.

ఇంకొకటి, దీనికి మాత్రం సర్దుకుపోవద్దు. వెనక చక్రం రెండు వైపులా పిల్లల కాళ్లు చువ్వల్లోకి పోకుండా గార్డులు ఉండాలి, కాళ్లు పెట్టుకోవడానికి గట్టి పలక ఉండాలి. సంచులు వేలాడేస్తే అవే అడ్డం ఉంటాయిలే అనుకుంటారు, సంచి ఖాళీగా ఉన్న రోజు అది లోపలికి నొక్కుకుపోతుంది.

మీ ఇద్దరి ఎత్తు సంగతికి వస్తే, 20 అంగుళాల చిన్న చక్రాలవి చూడండి. పిల్లలు కూర్చునే చోటు కిందికి వస్తుంది, బరువు కిందికి వచ్చిందంటే పొట్టివాళ్లకు కూడా నిలబెట్టడం తేలిక. సీటు, హ్యాండిల్ పానా అక్కర్లేకుండా లీవరు తిప్పి మార్చుకునేలా ఉండాలి, లేకపోతే రెండో వారానికే ఇద్దరిలో ఒకరు తొక్కడం మానేస్తారు.

ముందుపెట్టె:

పొడుగుతోక గారు ఆగినప్పటి సంగతి బాగా చెప్పారు. అయితే మూడేళ్ల పిల్లాడు ఉన్నాడు కాబట్టి రెండు చక్రాల పెట్టె బండిని అప్పుడే కొట్టేయకండి. పిల్లలు నా కళ్ల ముందే ఉంటారు. వాడు హెల్మెట్ పట్టీ ఊడదీసుకుంటున్నాడా, నిద్రలో తల వాల్చేశాడా అన్నీ కనబడతాయి, దారి పొడుగునా మాట్లాడుకుంటూ పోతాం. లాంగ్‌టెయిల్ మీద వెనక ఏం జరుగుతోందో వినడమే తప్ప చూడలేం. వాన పడితే పెట్టె మీద కవర్ వేస్తే చాలు. సరుకులైతే సర్దాల్సిన పనే లేదు, పడేయడమే.

తొక్కడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. ముందు చక్రం మీకు చాలా ముందు ఉంటుంది, హ్యాండిల్‌కూ దానికీ మధ్య ఒక కడ్డీ గానీ కేబుళ్లు గానీ ఉంటాయి. మొదటిసారి ఎక్కిన ప్రతివాళ్లూ ఆ చక్రం వైపే చూస్తారు, చూస్తే తడబడతారు. చూపు దూరంగా పెట్టండి, తేలిక గేరులో మొదలుపెట్టండి, మొదటి రెండు పెడళ్లు గట్టిగా పడితే బండి తనంతట తానే నిలబడుతుంది. నాకు ఖాళీ బండితో రెండు సాయంత్రాలు, ఇసుక సంచులతో ఇంకో రెండు సాయంత్రాలు పట్టింది, పిల్లల్ని ఎక్కించుకుంది ఆ తర్వాతే. లాంగ్ జాన్ అనే ఈ రెండు చక్రాల పెట్టె బండి నమూనా కొత్తదేమీ కాదు, 1920ల నుంచి డెన్మార్క్‌లో సామాన్లు మోసిందే, పెట్టెలో బరువు రెండు చక్రాల మధ్య, నేలకు దగ్గరగా ఉండటమే దాని బలం.

గేటు విషయంలో జాగ్రత్త. పెట్టె వెడల్పు సాధారణంగా 60, 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి 80లో దూరుతుంది, కానీ బండి పొడుగు సుమారు రెండున్నర మీటర్లు. గేటు దాటగానే మలుపు ఉందా? ఉంటే నేల మీద సుద్దతో రెండున్నర మీటర్లు గీసి చూడండి. అదీగాక మీరు పక్కన నడుస్తూ నెట్టాలి కదా, మీకూ చోటు కావాలి, హ్యాండిల్ వెడల్పు కూడా కొలవండి.

మూడుచక్రాలు:

మీ అన్నయ్య మాట సగమే నిజం. ఆగినప్పుడు మూడు చక్రాలది పడదు, మోకాళ్ల నొప్పులు, బ్యాలెన్స్ ఇబ్బంది ఉన్నవాళ్లకు అది వరం, నేను అందుకే తీసుకున్నాను. కానీ చట్రం పక్కకు ఒరగని రకమైతే మలుపులో కాస్త వేగంగా తిప్పినా లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. మన శరీరం సైకిల్ అలవాటుతో ఒక పక్కకు ఒరుగుతుంది, బండి ఒరగదు. మీ వంతెన దిగాక మలుపు ఉంటే ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. మలుపుతో పాటు ఒరిగే రకాలు ఉన్నాయి, అవి వేరే లెక్క. ఏదైనా మీ సందులో పట్టడం కష్టం లెండి, ముందు రెండు చక్రాలున్న పెట్టె బళ్లు చాలావరకు 85, 90 సెంటీమీటర్లు ఉంటాయి.

పానాచెయ్యి:

సైకిల్ రిపేరు పని చేస్తాను, కార్గో బళ్లు చాలా నా చేతి మీదుగా వెళ్లాయి. కొంచెం పెద్ద పోస్టు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మోటారు. మీరు, ఇద్దరు పిల్లలు, బండి, బడి సంచులు కలిపి 150 కేజీలకు తగ్గదు, సరుకులు ఉన్న రోజు 170. అంత బరువును 5 శాతం ఎత్తు (100 మీటర్లకు 5 మీటర్లు ఎక్కేది) మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కించాలంటే ఎత్తుకే దాదాపు 230 వాట్లు కావాలి, గాలి, టైరు రాపిడి దీనికి అదనం. మామూలు మనిషి అలసిపోకుండా తొక్కేది 100 నుంచి 150 వాట్లు. చదును దారైతే మోటారు లేకుండా హాయిగా నడుస్తుంది, నేనే చెబుతాను వద్దని. మీకు రోజూ వంతెన ఉంది కాబట్టి మోటారు తీసుకోండి. పెడల్ దగ్గర ఉండే మిడ్ మోటారు గేర్లను వాడుకుంటుంది కాబట్టి ఎత్తు మీద బరువు లాగడంలో అదే మేలు. కాకపోతే ఆ బలమంతా చైను మీదే పడుతుంది, చైను తొందరగా అరుగుతుంది, అందుకే చైను కొలిచే గేజి ఒకటి కొనుక్కోండి. చక్రంలో ఉండే హబ్ మోటారు సాదాగా ఉంటుంది, చైను మీద భారం వేయదు, కానీ నిలువు ఎత్తు మీద నెమ్మదిగా చాలాసేపు లాగితే వేడెక్కుతుంది. మోటారు ఎన్ని వాట్లుండాలి, ఎంత వేగం దాకా సాయం చేయాలి అనే నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, ఐరోపాలోనైతే 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటితే సాయం ఆగిపోవాలి. మీ దగ్గర ఏముందో చూసుకోండి.

బ్యాటరీకి తేలిక లెక్క ఉంది. బరువుతో కిలోమీటరుకు 10 నుంచి 15 వాట్ అవర్ (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత) ఖర్చవుతుంది అనుకోండి. 500 వాట్ అవర్ బ్యాటరీ అయితే 33 నుంచి 50 కిలోమీటర్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి వస్తే మీకు రోజుకు 20 కిలోమీటర్లు, అంటే సరిపోతుంది. చలికి తగ్గుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి అంచు మీద లెక్క వేసుకోవద్దు.

అందరూ మోటారు గురించి అడుగుతారు, బ్రేకుల గురించి ఎవరూ అడగరు, నాకు బాధ కలిగేది అక్కడే. రెండు చక్రాలకూ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 180 మిల్లీమీటర్ల డిస్కులు ఉండాలి. మొన్న ఒక బండి వచ్చింది, వెనక ప్యాడ్ మీద రాపిడి పొర మొత్తం అరిగిపోయి ఇనుప పలకే డిస్కును గీకుతోంది. ఆ తల్లి అదే బండి మీద ఇద్దరు పిల్లల్ని దింపి నేరుగా నా దగ్గరకు వచ్చారు, శబ్దం వస్తోంది ఏంటో చూడండి అని. మామూలు సైకిల్ మీద ఏడాది వచ్చే ప్యాడ్ కార్గో బండి మీద మూడు నాలుగు నెలలకే అయిపోవచ్చు. నెలకోసారి టార్చి వేసి చూడండి, మిల్లీమీటరు మందం కూడా లేదంటే మార్చేయండి.

బరువు పరిమితిలో చాలామంది పొరపడతారు. మొత్తం 200 కేజీలు అని రాసుంటే అందులో బండి బరువు, తొక్కేవాళ్ల బరువు కూడా కలిసే ఉంటాయి. బండి 35, మీరు 70 అనుకుంటే సామానుకూ పిల్లలకూ మిగిలేది 95. వెనక క్యారేజికి విడిగా ఇంకో పరిమితి ఉంటుంది, అదీ చదవండి. మామూలు సైకిల్‌కు పెద్ద బుట్టలు బిగించి కార్గో బండి అని అమ్మేవాళ్లు ఉన్నారు, అలాంటిది వద్దు. చువ్వలు, రిమ్ము, ఫోర్కు, అన్నీ ఈ బరువుకు తయారైనవే కావాలి.

సెకండ్‌హ్యాండ్ అయితే వెల్డింగ్ అతుకుల దగ్గర పెయింటు మీద సన్నటి గీత ఉందేమో వేలితో తడిమి చూడండి, పెట్టె బండి అయితే స్టీరింగ్ కడ్డీ చివర్ల కీళ్లు వదులయ్యాయేమో హ్యాండిల్ అటూ ఇటూ ఊపి చూడండి. బ్యాటరీకి తాళంచెవి, ఛార్జర్ అసలువే ఇస్తున్నారా అడగండి.

రెండుసంచులు:

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్. నిన్న రెండు రకాలూ బరువుతో తొక్కి చూశాం. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు తీసుకెళ్లాను, మా పిల్లలిద్దరి బరువూ కలిపి ఇంచుమించు అంతే.

పెట్టె బండి నాకు చాలా నచ్చింది, పది నిమిషాల్లో అలవాటైంది. కానీ సుద్ద గీత సలహా మమ్మల్ని కాపాడింది, గేటు దాటగానే మాకు మెట్ల గోడ ఉంది, రెండున్నర మీటర్లు తిరగదు, వెనక చక్రం ఎత్తి పక్కకు జరపాలి. నేనైతే జరుపుతాను, రోజూ పొద్దున పిల్లలతో ఉన్నప్పుడు మా ఆవిడ ఒక్కతే చేయలేదు. లాంగ్‌టెయిల్‌లో 20 అంగుళాల చక్రాలది తనే స్టాండ్ వేసింది, క్యాన్లు పైన ఉండగానే, ఏడెనిమిది సార్లు. మొదటి రెండుసార్లు బండి తన మీదకు వాలింది, తర్వాత కాలితో స్టాండ్ తొక్కి పట్టుకుని వెనక్కి లాగడం పట్టు దొరికింది. అదే తీసుకుంటున్నాం, మిడ్ మోటారుతో. చిన్నోడు వెనక కనిపించడు అన్నది ఒక్కటే తన దిగులు, హ్యాండిల్‌కు అద్దం బిగిస్తున్నాం. కొత్త బండిని మొదట్లో దేనికి చూసుకోవాలో చెప్పండి పానాచెయ్యి గారూ.

పొడుగుతోక:

అద్దం మంచి పని, కాస్త కిందికి వంచి పెట్టండి, రోడ్డు సగం, వాడి హెల్మెట్ సగం కనబడాలి.

పానాచెయ్యి:

చువ్వలండీ. కొత్త చక్రం బరువు మీద తిరిగితే చువ్వలు సర్దుకుని కొన్ని వదులవుతాయి, 200, 300 కిలోమీటర్లు తిరిగాక, అంటే మీకు రెండు మూడు వారాల్లో, ఒకసారి బిగింపు చూపించండి. వదులుగా వదిలేస్తే ఒకటి తెగుతుంది, దాని భారం పక్కదాని మీద పడి అదీ తెగుతుంది. వారానికోసారి గాలి చూడండి, టైరు పక్కన రాసున్న హద్దుల్లో పై అంకెకు దగ్గరగా ఉంచండి. మొదటి సర్వీసుకు వెళ్లినప్పుడు స్టాండ్ బోల్టులు కూడా బిగించమని మీరే గుర్తుచేయండి, చాలా చోట్ల వదిలేస్తారు.