అప్‌డేట్: సెల్లార్‌లో జీపీఎస్ రిపీటర్ సమస్య తీరింది

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. కొత్తగా చదివేవాళ్లకు: మా వర్క్‌షాప్ సెల్లార్‌లో ఉంది. బండ్లకు బిగించే ట్రాకర్లను అక్కడే టెస్ట్ చేద్దామని మేడ మీద యాంటెన్నా, కింద రిపీటర్ (యాంటెన్నా పట్టిన జీపీఎస్ సిగ్నల్‌ను లోపల మళ్లీ ప్రసారం చేసే పెట్టె) పెట్టించాం. ఒక్క శాటిలైట్ కూడా దొరకలేదు. ఎఫ్‌ఎం రేడియో కూడా గరగరే.

టెక్నీషియన్ మేడెక్కి, యాంటెన్నా దగ్గర కేబుల్ విప్పి మల్టీమీటర్ పెట్టాడు. 5 వోల్టులు రావాల్సిన చోట సున్నా. పిడుగుల నుంచి కాపాడేందుకు కేబుల్ మధ్యలో బిగించిన అరెస్టర్, అదే కేబుల్‌లో యాంటెన్నాకు వెళ్లే డీసీ కరెంటును ఆపేస్తోంది, అందుకే యాంటెన్నాలోని యాంప్లిఫయర్‌కు పవరే అందట్లేదు. "ముందు వోల్టేజీ చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. డీసీని వదిలే రకం అరెస్టర్ వేయగానే సిగ్నల్ వచ్చేసింది. కేబుల్ మార్చడం, యాంటెన్నా తిప్పడం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఏ మూల పెట్టినా ట్రాకర్ చూపేది మేడ మీది యాంటెన్నా లొకేషనే. టెస్టింగ్‌కు అది చాలు. మాది 1575.42 మెగాహెర్ట్జ్‌లో వచ్చే ఎల్1 సిగ్నల్‌కు పనిచేసే రిపీటర్, కాబట్టి 1176.45 మెగాహెర్ట్జ్‌లో వచ్చే నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ) ఎల్5 సిగ్నల్ దీంట్లో రాదు. కొనేముందు డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి సంగతి కూడా కనుక్కోండి.

ఎఫ్‌ఎంకు రిపీటర్ జోలికే పోలేదు. మేడ మీద వేరే యాంటెన్నా వేసి, వైరు తెచ్చి రేడియో వెనక గుచ్చాం. పాటలు శుభ్రంగా వస్తున్నాయి.