రీలు ఉందట, డిస్కు మాత్రం రాదు: మీరు ఎదురుచూస్తున్న పాత సినిమాలేవి?

పాతటేపు:
ముందే చెప్తున్నా, ఇది కొంచెం ఏడుపు చర్చ. కొత్త సినిమా అయితే థియేటర్లో దిగిన కొన్ని వారాలకే ఇంటికి వచ్చేస్తోంది, యాభై అరవై ఏళ్ల కిందటి మంచి సినిమా చూడాలంటే మాత్రం ఎవరో టీవీలోంచి రికార్డు చేసి ఎక్కించిన మసక కాపీయే గతి. నాకు ఎక్కువ కడుపు మండేది ఎలైన్ మే 1972లో తీసిన 'ది హార్ట్‌బ్రేక్ కిడ్' విషయంలో. అందులో ఇద్దరికి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అంటే ఎవరికీ తెలియక మూలన పడ్డ సినిమా కాదు. డీవీడీ రోజుల్లో ఒకసారి వచ్చింది, అమ్ముడైపోయింది, అంతే. నాకు దొరికిన కాపీలో పెళ్లికూతురు ముఖం ఎండకి ఎర్రగా కాలిందో, టేపే అలా ఉందో అర్థం కాలేదు.

కంపెనీలకి పాత సినిమా అంటే లెక్క లేదని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు? మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారు? నా దగ్గర ఒక వీహెచ్‌ఎస్ టేపు కూడా ఉంది, దాని సంగతి తర్వాత అడుగుతాను.

నలుపుతెలుపు:
మీ సినిమా గొడవ వేరే అండీ. అది పాలోమార్ అనే నిర్మాణ సంస్థది, వాళ్ల సినిమాల హక్కులు చివరికి బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ దగ్గరికి చేరాయి. అవును, మందులు తయారుచేసే కంపెనీయే. లారెన్స్ ఒలివియే, మైకేల్ కేన్ నటించిన 'స్లూత్' కూడా అదే మూటలో ఉంది. మందుల కంపెనీలో పాత సినిమా గురించి ఎవరికి ఉత్తరం రాయాలి చెప్పండి? లెక్క లేకపోవడం కాదు, వాళ్లకి అది వ్యాపారమే కాదు.

సబ్‌టైటిల్ సుబ్బులు:
హక్కులు అనగానే అందరూ సినిమా హక్కులే అనుకుంటారు గానీ పాటల హక్కులు ఇంకా పెద్ద తలనొప్పి. చార్లెస్ బర్నెట్ విద్యార్థిగా ఉన్నప్పుడు తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' చూడండి. 1970లలోనే పూర్తయింది, మామూలుగా థియేటర్లలో విడుదలైంది మాత్రం 2007లో. సినిమా నిండా పాత బ్లూస్, జాజ్ రికార్డులు వాడుకున్నాడు, వాటికి అనుమతులు లేవు. చివరికి ఆ పాటలకే లక్షా యాభై వేల డాలర్లు కట్టాల్సి వచ్చింది, సినిమా తియ్యడానికి అందులో చిన్న ముక్క కూడా ఖర్చు కాలేదు! అంత కట్టినా డైనా వాషింగ్టన్ పాడిన ఒక పాటకి అనుమతి దొరక్క దాని స్థానంలో ఆవిడదే ఇంకో పాట పెట్టి డీవీడీ వేశారు. అసలు పాట మళ్లీ సినిమాలోకి వచ్చింది 4కే (చాలా ఎక్కువ స్పష్టత ఉన్న డిజిటల్) పునరుద్ధరణలో, 2025లో.

కాబట్టి 'నెగటివ్ ఉంది, దర్శకుడు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి' అని అడిగేవాళ్లకి నా జవాబు ఎప్పుడూ ఒకటే. రీలు ఉంది, కాగితం లేదు. పాతకాలం ఒప్పందాల్లో థియేటర్, మహా అయితే టీవీ అని రాసుకున్నారు, ఇంట్లో పెట్టుకు చూసే క్యాసెట్ ఒకటి వస్తుందని వాళ్లేమైనా కలగన్నారా?

అర్ధరాత్రి ఆట:
ఇవన్నీ సరే గానీ నాకు 4కేలు అక్కర్లేదు బాబూ. కథ అర్థమైతే చాలు, మసకగా ఉన్నా చూస్తా. ఉన్నదేదో ఉన్నట్టు పడేస్తే చూసేవాళ్లం చూస్తాం కదా, ఏళ్లకేళ్లు శుభ్రం చేస్తూ కూర్చోవడం దేనికి?

గ్రెయిన్ బాబాయ్:
ఉన్నదున్నట్టు పడెయ్యడానికి అసలు ఏం ఉందో చూడాలి కదా తమ్ముడూ. 1950ల మొదటి దాకా 35 ఎం.ఎం. సినిమాలు ఎక్కువగా నైట్రేట్ ఫిల్మ్ మీద ఉండేవి. అది నిప్పు తగిలితే పేలుడు పదార్థమే, నీళ్లలో ముంచినా ఆరదు. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ వాళ్ల గోదాము కాలిపోయి మూగ సినిమాలు కుప్పలకొద్దీ పోయాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ అలా భగ్గున మండదు గానీ కుళ్లుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే కథ మొదలైనట్టే, ఫిల్మ్ కుంచించుకుపోయి వంకర్లు తిరుగుతుంది. పైగా ఆ ఆవిరే కుళ్లడాన్ని ఇంకా తొందర చేస్తుంది, అందుకే అలాంటి డబ్బాని మిగతావాటి పక్కన ఉంచరు. ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లయితే నీలం, పసుపు ఎగిరిపోయి మొత్తం గులాబీ రంగుకి తిరుగుతాయి. పాతటేపు గారూ, మీ పెళ్లికూతురి ముఖం సంగతి బహుశా అదే.

ఓపిక ఉంటే ఏమవుతుందో అపూ చిత్రత్రయం చెప్తుంది. సత్యజిత్ రాయ్ అసలు నెగటివ్‌లు 1993లో లండన్ లేబొరేటరీలో కాలిపోయాయి. మిగిలిన కాలిన ముక్కల్ని ఎవరూ పారెయ్యలేదు, అమెరికాలో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ ఆర్కైవ్‌లో దాచి ఉంచారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో వాటిని రసాయనాలతో మెత్తబరిచి, ఫిల్మ్ అంచున పళ్లచక్రాలు పట్టుకునే రంధ్రాలు చేత్తో ఒక్కొక్కటీ బాగుచేసి, స్కాన్ చేశారు. 'అపూర్ సంసార్' నెగటివ్ మాత్రం పనికిరాక వేరే కాపీల నుంచి తీసుకున్నారు. 2015లో బ్లూరే వచ్చింది. అంతకుముందు మనమంతా చూసిన కాపీలు గుర్తున్నాయా, వాన కురుస్తోందో గీతలు పడ్డాయో తెలిసేది కాదు! ఆ గీతల కాపీతో సరిపెట్టుకునేవాళ్లమే, 'ఉన్నదున్నట్టు' అని.

అర్ధరాత్రి ఆట:
సరే బాబాయ్, తప్పయింది 🙏 ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోను. శుభ్రం చేస్తున్నాం అంటూ ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా చేసి అమ్ముతారు చూడు, దానికంటే నా మసక టేపే నయం.

గ్రెయిన్ బాబాయ్:
అందులో మనిద్దరం ఒకటే. ఫిల్మ్ మీద బొమ్మ అంటేనే గ్రెయిన్, అంటే గింజలు, గింజల్ని తుడిచేస్తే బొమ్మనీ తుడిచేసినట్టే. నా పేరు చూడలేదా?

రీజియన్ బాధితుడు:
నా గోడు ఇంకో రకం. సినిమా వచ్చింది, డబ్బులు పెట్టి కొన్నాను, ప్లేయర్లో పెడితే 'ఈ ప్రాంతంలో చెల్లదు' అని బోర్డు పెట్టింది. బ్లూరేకి ఏ, బీ, సీ అని మూడు ప్రాంతాలు, డీవీడీకయితే ఆరు. కొనేటప్పుడు అట్ట వెనక చిన్న అక్షరం చూసుకోలేదు, తప్పు నాదే. 4కే డిస్కులకి ఈ పీడ లేదు. ఇంకోటి కూడా చూసుకోండి, పాత యూరప్ డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25కి తిప్పేవారు, అంటే వంద నిమిషాల సినిమా తొంభై ఆరులో అయిపోతుంది, గొంతులు కూడా కాస్త పలచబడతాయి. నేను ఏడేళ్లు ఒక హీరోది సన్న గొంతనే నమ్మాను.

నేను ఎదురుచూసింది ఎడ్వర్డ్ యాంగ్ 'ఎ బ్రైటర్ సమ్మర్ డే' కోసం. 1991 సినిమా, నాలుగు గంటలకి మూడు నిమిషాలు తక్కువ. 2009లో పునరుద్ధరణ పూర్తయిందని చదివి గంతులు వేశాను. డిస్కు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2016. పునరుద్ధరణ జరిగింది అంటే సినిమా పండగల్లో వేస్తారు, ఆర్కైవ్‌లో పెడతారు, మన అల్మారాలోకి రావడం అనేది వేరే యుద్ధం.

మూగనోము:
మీరంతా మాటలున్న సినిమాల గురించి ఏడుస్తున్నారు, నావి మూగ సినిమాలు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 2013లో వేసిన నివేదిక చదివాక రెండు రోజులు మనసు బాగాలేదు. 1912 నుంచి 1929 దాకా అక్కడ తీసిన దాదాపు పదకొండు వేల మూగ కథాచిత్రాల్లో, విడుదలైన రూపంలోనే పూర్తిగా మిగిలినవి 14 శాతం. వాటికి డిస్కు రాలేదని అడగడానికి కూడా లేదు, సినిమాయే లేదు.

అయినా ఆశ చావదు. కార్ల్ డ్రేయర్ తీసిన జోన్ ఆఫ్ ఆర్క్ సినిమా అసలు కూర్పు పోయిందనే అనుకున్నారు, 1981లో నార్వేలో ఒక మానసిక చికిత్సాలయం బీరువాలో దొరికింది. 'మెట్రోపోలిస్' అయితే ఇంకా విచిత్రం. 2008లో బ్యూనస్ ఎయిరెస్ మ్యూజియంలో గీతలతో నిండిన 16 ఎం.ఎం. కాపీ బయటపడింది, అందులో ఎనభై ఏళ్లుగా ఎవరూ చూడని సుమారు ఇరవై అయిదు నిమిషాలు ఉన్నాయి. ఇప్పుడు డిస్కులో చూస్తే ఆ ముక్క రాగానే బొమ్మ ఒక్కసారిగా చిన్నదై గీతలు మొదలవుతాయి. నాకు ఆ గీతలంటేనే ఇష్టం, ఎక్కడ పోయిందో ఎక్కడ దొరికిందో కనిపిస్తూ ఉంటుంది.

నలుపుతెలుపు:
మొదటి పోస్టులో 'లెక్క లేదు' అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తున్నా. ట్వైలైట్ టైమ్ అని ఒక చిన్న సంస్థ ఉండేది, పెద్ద స్టూడియోల దగ్గర లైసెన్సు తీసుకుని ఎక్కువ సినిమాల్ని మూడు వేల కాపీలు మాత్రమే వేసేది. ప్రపంచం మొత్తానికి మూడు వేలు! అప్పట్లో 'కావాలని కొరత సృష్టిస్తున్నారు' అని నేనే తిట్టాను. తర్వాత అర్థమైంది, చాలా పాత సినిమాలకి మూడు వేల మంది దొరకడమే గొప్ప. మనం ఫోరాల్లో వెయ్యి మంది 'కావాలి కావాలి' అంటాం, వచ్చాక ధర తగ్గనీ అని ఆగుతాం. నేను కూడా అంతే, నీతులు చెప్పడం లేదు.

సబ్‌టైటిల్ సుబ్బులు:
నిజం. నేను అడిగి, బతిమాలి, ఉత్తరాలు రాసి తెప్పించిన డిస్కు ఒకటి ఇప్పటికీ కవరు కూడా చింపకుండా ఉంది 😬

పాతటేపు గారూ, మీ టేపు సంగతేంటి?

పాతటేపు:
అదే రాయబోతున్నా. ఒక పాత సినిమా, టీవీలో అర్ధరాత్రి వేస్తే రికార్డు చేసుకున్నాను. తర్వాత వచ్చిన డీవీడీలో రైల్వే స్టేషన్ సీను లేదు. నా టేపులో ఉందని గట్టిగా గుర్తు. పేరు అడగకండి, చెప్తే రేపు పొద్దున్న నుంచి కాపీ కోసం నన్ను పీక్కుతింటారు. టేపు పదిహేనేళ్లుగా వెయ్యలేదు. కంప్యూటర్లోకి ఎలా ఎక్కించుకోవాలి?

రీజియన్ బాధితుడు:
పేరు చెప్పకుండా సాయం అడుగుతున్నారు, మీ ధైర్యానికి మెచ్చాం.

గ్రెయిన్ బాబాయ్:
ఆత్రపడి ప్లే నొక్కకండి. ముందు క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టని చూడండి, తెల్లగా పొడిలా ఉంటే బూజు, అలాంటిది వేస్తే ప్లేయర్ హెడ్ కూడా పోతుంది. బూజు లేకపోతే వెనక అంచున ప్లాస్టిక్ రెక్క ఉందేమో చూసి విరిచెయ్యండి, పొరపాటున దాని మీద రికార్డు కాకుండా. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పండి, ఏళ్లుగా అంటుకున్న పొరలు వదులవుతాయి. హెడ్ శుభ్రం చెయ్యండి. ప్లేయర్‌కి ఎస్-వీడియో సాకెట్ ఉంటే అదే వాడండి, మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (టేపు సిగ్నల్‌ని కుదురుచేసే పరికరం) పెట్టగలిగితే బొమ్మ పైన వంగడం ఆగుతుంది. మొదటిసారి వేసినప్పుడే క్యాప్చర్ చెయ్యండి, రెండోసారి ఆడుతుందని నమ్మకం లేదు. ఫైలు కుదించకండి.

పాతటేపు:
అయిదు రోజులు పట్టింది, ప్లేయర్ అరువు తెచ్చుకున్నాను. బూజు లేదు. మొదటి పది నిమిషాలు మంచు కురిసినట్టు ఉంది, తర్వాత కుదురుకుంది. బాబాయ్ చెప్పకపోతే అప్పుడే ఆపి మళ్లీ మొదటి నుంచి వేసేవాణ్ణి.

సీను ఉంది! రెండు నిమిషాల పై చిలుకు. మాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి. కానీ అది వెడల్పు తెర సినిమా, టీవీ వాళ్లు ఇరుపక్కలా కోసేశారు. స్టేషన్లో ఆవిడ మాట్లాడుతోంది, ఎదురుగా ఎవరో ఉన్నారు, తెర అంచున వాచీ కట్టుకున్న ఒక చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఇరవై సార్లు చూశాను. ఆ చెయ్యి ఎవరిదో తెలియడం లేదు.

మూగనోము:
ఇప్పుడు పేరు చెప్పక తప్పదు.

అర్ధరాత్రి ఆట:
వాచీ ఎడమ చేతికా, కుడి చేతికా?