రేవులో డీజిల్ పడవ బదులు సోలార్ పడవ కావాలంటే ఎవరిని అడగాలి?

మాది కోనసీమ. రోజూ గోదావరి దాటే మేం పదిమందిమి కలిసి, రేవులో సోలార్ పడవ పెట్టించాలని సంతకాలు సేకరిస్తున్నాం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంజన్ పక్కన కూర్చునేవాళ్లకి పొగ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కేరళలో వైక్కం దగ్గర 75 మంది పట్టే ‘ఆదిత్య’ సోలార్ పడవ 2017 నుంచి తిరుగుతోంది. మా రేవుకేమో ఏటా వేలంపాట. పాడుకున్నాయన ‘ఒక్క ఏడాది కోసం అంత పెట్టుబడి ఎవరు పెడతారండీ?’ అంటున్నారు. అదీ నిజమే.

పాట గడువు పెంచి, షరతుల్లో సోలార్ పడవ చేర్చమని అర్జీ ఎవరికివ్వాలి? పంచాయతీకా, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కా? పోటుకి ఉప్పునీరు ఎక్కే చోట బ్యాటరీలు నిలుస్తాయా? పడవ నడిపేవాళ్ల పని పోకుండా ఎక్కడైనా చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.