ఎం.జి.ఆర్. దేశానికి ఏం మిగిల్చారు: బడిలో అన్నమా, పార్టీకి ఒకే మొహమా?

చూళై కుర్రోడు:

ఎన్నికలు వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌లో ఉన్న మా చుట్టాలు ఒకటే పాట: "ఈ ఉచితాల జబ్బంతా మీ మద్రాసు నుంచే వచ్చింది." ఇక్కడేమో ఎం.జి.ఆర్. పేరెత్తితే ఆటో అన్న కూడా బ్రేకు మీద కాలేసి దండం పెడతాడు. ఉచితాల సంగతి నేను పట్టించుకోను. ఆయన దేశానికి అంటించిన అసలు అలవాటు వేరే ఉంది. పార్టీ అంటే ఒక మనిషి, ఆ మనిషి అంటే ఒక ఫొటో.

వరసగా చూడండి. 1967 జనవరి 12న తోటి నటుడు ఎం.ఆర్. రాధా ఆయన్ని తుపాకీతో కాల్చాడు. మెడకు కట్టుతో ఆస్పత్రి మంచం మీద ఉన్న ఫొటో పోస్టర్లకెక్కింది, ప్రచారానికి వెళ్ళకుండానే పరంగిమలైలో గెలిచారు. 1972లో డి.ఎం.కె. కోశాధికారిగా ఉండి పార్టీ లెక్కలు అడిగారు. బయటికి పంపేశారు. అక్టోబరు 17న అన్నాదురై పేరు మీద సొంత పార్టీ పెట్టారు. మరుసటి మేలోనే దిండుక్కల్ ఉప ఎన్నిక గెలిచారు, 1977లో తమిళనాడు ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో ఆయన అమెరికాలో, బ్రూక్లిన్ ఆస్పత్రిలో ఉంటే ఆండిపట్టి జనం ఇక్కడ గెలిపించారు. ఆస్పత్రిలో తీసిన వీడియోని ఊరూరా వేసి చూపించారు. అంటే మొదటి అసెంబ్లీ గెలుపూ ఆస్పత్రి నుంచే, చివరిదీ ఆస్పత్రి నుంచే!

మధ్యలో ఇన్నేళ్ళలో ఆయన పక్కన ఇంకో నాయకుణ్ణి ఎదగనిచ్చారా? 1987 డిసెంబరు 24న ఆయన పోగానే పార్టీ భార్య జానకి గారి వైపు సగం, జయలలిత వైపు సగం. జానకి గారి ప్రభుత్వం నెల కూడా నిలబడలేదు. దీన్ని చూసి నేర్చుకున్న పార్టీలు ఇవాళ ప్రతి రాష్ట్రంలో ఉన్నాయి. కాదనేవాళ్ళు చెప్పండి.

మాంబళం టీచరమ్మ:

బాబూ, పోస్టర్ల గురించి ఇంత రాశావు. పళ్ళెం గురించి ఒక్క ముక్క రాయలేదే?

నేను కార్పొరేషన్ బడిలో తెలుగు మీడియం పిల్లలకు చెప్పి రిటైరైన దాన్ని. సత్తుణవు పథకం, అంటే బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టే పథకం, 1982 జులై 1న తిరుచ్చి దగ్గర పాప్పాకురిచ్చిలో మొదలైంది. ముందు పల్లెల్లో, ఆ సెప్టెంబరుకి పట్టణాల్లో. తర్వాత రెండేళ్ళకి పదిహేనేళ్ళ వయసు పిల్లల దాకా పెంచారు. రాష్ట్రం మొత్తం మీద అరవై లక్షలకు పైగా పిల్లలు. అంతమందికి, ఏడాది పొడుగునా, వేడి అన్నం, పప్పు, కూర. అప్పట్లో చదువుకున్న పెద్దమనుషులు చాలామంది దీన్ని వెక్కిరించారు. బడికి పంపేది చదువుకా తిండికా అని మా స్టాఫ్ రూంలోనే అన్నవాళ్ళున్నారు.

బడి అన్నం ఆయన కనిపెట్టలేదు, ఆ సంగతి నాకూ తెలుసు. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో మొదలుపెట్టిన పెద్దాయన పిట్టి త్యాగరాయ చెట్టి గారు, మన తెలుగు దేవాంగుల బిడ్డ. మీరంతా దీపావళికి తోసుకుంటూ తిరిగే టి.నగర్‌కి ఆయన పేరే. 1956లో కామరాజ్ ఊళ్ళకి తీసుకెళ్ళారు. కానీ అప్పట్లో చందాలు వసూలైన చోట ఒక రకంగా, లేని చోట ఇంకో రకంగా నడిచేది, పేదపిల్లలని ఏరి పెట్టేవాళ్ళు. ఎం.జి.ఆర్. వచ్చాక అది సర్కారు బడ్జెట్‌లో పెద్ద పద్దు అయింది.

మా బడిలో మధ్యాహ్నం గంట కొట్టాక సగం మంది ఇంటికని వెళ్ళి తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో ఏమీ ఉండేది కాదు కనుక ఎక్కడో తిరిగేవాళ్ళు. అన్నం వచ్చాక కూర్చున్నారు. చెల్లెల్ని చంకనేసుకుని వచ్చే ఆడపిల్లలు కూడా. ఇంకో సంగతి, మగవాళ్ళెవరూ దీని గురించి మాట్లాడరు. ప్రతి కేంద్రంలో ఒక నిర్వాహకురాలు, ఒక వంటమనిషి, ఒక సహాయకురాలు. భర్త పోయినవాళ్ళకి, దిక్కులేని ఆడవాళ్ళకి ముందు ఇవ్వాలని పెట్టారు. ఊళ్ళో అంతమంది ఆడవాళ్ళ చేతికి నెల జీతం అంతకు ముందు ఎప్పుడు వచ్చింది?

లెక్కల మనిషి:

టీచరమ్మ గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకుందాం. 1971లో కరుణానిధి మద్యనిషేధం ఎత్తేసి 1974లో మళ్ళీ పెట్టారు. 1981లో ఎం.జి.ఆర్. కల్లు, సారా కొట్లు తెరిపించారు. మరుసటి ఏడాదే అన్నం పథకం. 1983లో టాస్మాక్, అంటే సర్కారు మద్యం కంపెనీ, వచ్చింది, అప్పుడు హోల్‌సేల్ వరకే. వీధిలో కొట్టు కూడా సర్కారే నడపడం 2003లో జయలలిత గారి పని.

తెర మీద మందు ముట్టని, సిగరెట్టు కాల్చని హీరో ఆయన. అదే ఆయన పెట్టుబడి. అలాంటాయన ఖజానా సారా మీద నిలబడింది. భూమి ఉన్నవాడి జోలికి, మిల్లు ఉన్నవాడి జోలికి గట్టిగా వెళ్ళలేదు. పిల్లాడి పళ్ళెంలో అన్నానికి వాడి నాన్నే సారా కొట్లో బిల్లు కట్టాడు. పేదల దగ్గర తీసుకుని పేదలకి పెట్టి, దాత అని పేరు తెచ్చుకున్నారు. ఈ లెక్క దేశమంతా నేర్చుకుంది. ఇవాళ చాలా రాష్ట్రాల బడ్జెట్ తీస్తే ఎక్సైజ్ ఆదాయం లేకుండా సంక్షేమం పేజీ తిరగదు.

పెరంబూర్ లోకో:

నిషేధం ఉన్న రోజుల్లో కూడా మా నాన్న తాగాడు సార్. వ్యాసర్పాడిలో దొంగసారా దొరకని రాత్రి లేదు. అప్పుడు ఆయన డబ్బు రౌడీకి పోయేది. తర్వాత సర్కారుకి పోయి, అందులో ఎంతో కొంత నాకు అన్నమై తిరిగొచ్చింది. నేను ఆ పళ్ళెంలో తిన్నవాణ్ణి. మీ బ్యాలెన్స్ షీట్‌లో నన్ను ఏ వైపు రాస్తారు?

లెక్కల మనిషి:

రెండు వైపులా రాస్తాను తమ్ముడూ. కొట్టు తెరిచాక కొత్తగా తాగుడు మొదలుపెట్టిన నాన్నల్ని కూడా రాయాలి కదా.

కోడంబాక్కం బాబాయ్:

అందరూ అన్నం, సారా దగ్గర ఆగిపోయారు. నా దృష్టిలో ఎం.జి.ఆర్. రాజకీయం మొత్తం అర్థమయ్యేది 1979-80లో. వెనకబడిన తరగతుల రిజర్వేషన్‌కి ఏడాదికి 9,000 రూపాయల ఆదాయ పరిమితి పెట్టారు. కాగితం మీద చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది, నిజమైన పేదలకే దక్కాలని. 1980 జనవరిలో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. తమిళనాడులోని 39 సీట్లలో ఆయన పార్టీకి దక్కినవి 2. ఫిబ్రవరిలో కేంద్రం ఆయన ప్రభుత్వాన్ని కూడా రద్దు చేసింది.

ఎన్నికల దెబ్బకి, ప్రభుత్వం పోకముందే, ఆయన ఏం చేశారు? ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. అక్కడితో ఆగలేదు. బి.సి. కోటాని 31 నుంచి 50 శాతానికి పెంచారు. ఎస్.సి., ఎస్.టి.ల 18 కలిపితే 68. ఆ ఏడాదే అసెంబ్లీ ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు. తర్వాత ఆ లెక్క 69 అయింది. సుప్రీంకోర్టు 1992లో 50 శాతం దాటకూడదన్నాక దాన్ని కాపాడటానికి 1994లో ఏకంగా రాజ్యాంగానికి 76వ సవరణ చేయాల్సి వచ్చింది. ఒక సినిమా నటుడు ఓటమి భయంతో తీసుకున్న నిర్ణయం, కోర్టుల నుంచి చట్టాలకి రక్షణ ఇచ్చే తొమ్మిదో షెడ్యూల్‌లో కూర్చుంది. దేశం మీద ప్రభావం అంటే ఇంకేం కావాలి?

కుర్రోడూ, జనం కొట్టిన దెబ్బ అర్థమై మారే నాయకుణ్ణి నువ్వు ఒట్టి ఫొటో అంటే నేను ఒప్పుకోను.

చూళై కుర్రోడు:

బాబాయ్, మీరు నాకే సాక్ష్యం చెప్పారు. 9,000 పరిమితి పెట్టినప్పుడు ఏ పార్టీ మహాసభలో చర్చ జరిగింది? తీసేసినప్పుడు ఎక్కడ జరిగింది? పెట్టిందీ ఆయనే, తీసిందీ ఆయనే. దెబ్బ తగిలితే దారి మార్చుకోవడం తెలివి. దాన్ని ప్రజాస్వామ్యం అనడానికి నాకు నోరు రాదు.

కోపం వస్తే ఏం జరిగేదో కూడా చూడాలి. శాసనమండలికి ఒక నటిని పంపాలనుకున్నారు, ఆమె దివాలా చిక్కు అడ్డం వచ్చింది. కొన్ని నెలలకే, 1986లో, మండలినే రద్దు చేశారు. 1987లో ఎమ్మెల్యేలు, మంత్రుల మీద ముఖచిత్రం జోకు వేసినందుకు ఆనంద వికటన్ సంపాదకుడికి అసెంబ్లీ మూడు నెలల జైలు శిక్ష వేసింది. జనం, పత్రికలు గోల చేస్తే వదిలారు. ఎమర్జెన్సీని సమర్థించిన సంగతి చెప్పనే లేదు. "నా రక్తానికి రక్తమైన" అని పిలిస్తే జనం కరిగిపోయారు, సరే. రక్తసంబంధంలో ప్రశ్నలు అడగకూడదు కదా, అక్కడే వచ్చింది చిక్కు.

రాయపురం రేవు:

ఒక మంచి మాట నేను చెబుతా. ఆయన పుట్టింది సిలోన్‌లో, క్యాండీ దగ్గర నావలపిటియలో. మలయాళీ కుటుంబం. మలయాళీ అని ప్రత్యర్థులు ఎంత అన్నా జనం చెవిన పెట్టలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే మనలాంటి వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. మా తాత తమిళంలో ఓటరు జాబితా చదవలేడు. అయినా ఎం.జి.ఆర్. పార్టీ రెండాకుల గుర్తు మీద ఆయన చెయ్యి తడబడలేదు.

నిర్వాహకుడు:

రెండు వ్యాఖ్యలు తీసేశాను. కులం పేరుతో తిట్టుకోవాలంటే వేరే చోట చూసుకోండి. చర్చ బాగుంది, పాడుచేయొద్దు.

లెక్కల మనిషి:

దేశం మీద ప్రభావం అన్నారు కాబట్టి అసలు ప్రశ్నకి వస్తాను. బడి అన్నం దేశమంతా రావడానికి కారణం ఎం.జి.ఆర్. అని టీచరమ్మ గారి లాంటి వాళ్ళు అంటారు. నేను చూసినంతలో దారి అలా లేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం పెట్టింది, చాలా రాష్ట్రాలు నెలకు మూడు కేజీల ధాన్యం చేతిలో పెట్టి పంపేశాయి. వండి పెట్టమని గట్టిగా చెప్పింది సుప్రీంకోర్టు, 2001 నవంబరు 28న. ఆ కేసు వేసింది రాజస్థాన్‌లోని పౌరహక్కుల వాళ్ళు. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులుండటం చూసి వేశారు. అందులో ఏ పురట్చి తలైవరూ (ఎం.జి.ఆర్. బిరుదు, విప్లవ నాయకుడు) లేరు.

మాంబళం టీచరమ్మ:

కేసు వాళ్ళు వేశారు, పేరు వాళ్ళకే దక్కాలి. కానీ కోర్టులో ప్రభుత్వాలు ఏమంటాయో మీకు తెలుసు కదా: సాధ్యం కాదు, డబ్బు లేదు, వండేవాళ్ళు లేరు, గిన్నెలు లేవు. అప్పటికి మా దగ్గర పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొయ్యి వెలుగుతోంది. సాధ్యం కాదనే నోటికి ఇంతకంటే జవాబు ఏముంది?

ఇంకొకటి. ఆయన పోయాక ఈ పథకం ఆగిపోవాలి, ఎందుకంటే కుర్రోడి లెక్క ప్రకారం అంతా ఒక ఫొటో మీదే నడిచింది. ఆగలేదు. 1989లో వచ్చిన కరుణానిధి, ఆయన బద్ధశత్రువు, దానికి గుడ్డు కలిపారు. ఇప్పుడు బడి ఉన్న అయిదు రోజులూ గుడ్డు. 2022లో స్టాలిన్ పొద్దున టిఫిన్ మొదలుపెట్టారు. ఆగితే తల్లులు ఊరుకోరని రెండు పార్టీలకీ తెలుసు.

కోడంబాక్కం బాబాయ్:

ఎన్.టి.ఆర్. గురించి కూడా ఒక మాట. 1982 మార్చి 29న పార్టీ, 1983 జనవరికి అధికారం, రెండు రూపాయలకు కిలో బియ్యం. అంతా ఇక్కడ చూసి నేర్చుకున్నదే అని మావాళ్ళు అంటే నాకు రోషం వస్తుంది. కానీ దారి ముందుగా చూపించింది ఎవరో కాదనలేను. ఇద్దరూ కలిసి 1983 ఏప్రిల్‌లో తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు, కృష్ణ నీళ్ళు మద్రాసుకి 12 టి.ఎం.సి.లు. ఇద్దరు హీరోలు పక్కపక్కన నిలబడిన ఆ ఫొటో మా ఇంట్లో ఉండేది.

చూళై కుర్రోడు:

నీళ్ళు పూండి చెరువుకి చేరింది 1996లో బాబాయ్. అప్పటికి ఇద్దరూ లేరు. సంతకం హీరోలది, కాలువ తవ్విన పదమూడేళ్ళు పేరు తెలియని ఇంజనీర్లది, కూలీలది. మీ ఇంట్లో ఫొటో ఎవరిది ఉంది మరి?

టీచరమ్మ గారూ, మీ తల్లుల మాట బలమైనదే. పథకం నిలబడింది. పార్టీ నిలబడిందా? 1987లో ఒకసారి, 2016లో జయలలిత గారు పోయాక ఇంకోసారి అదే గొడవ, అదే రెండాకుల గుర్తు కోసం అదే పోట్లాట. అన్నం ఎలా నిలబడాలో మాత్రం నేర్పారు, అధికారం చేతులు ఎలా మారాలో నేర్పలేదు.

పెరంబూర్ లోకో:

మా అక్క ఆవడి దాటాక ఒక బడిలో సత్తుణవు సహాయకురాలు. ఇరవై ఏళ్ళకు పైగా చేస్తోంది. ఇప్పటికీ మామూలు సర్కారు ఉద్యోగి లెక్కలో లేదు. సరైన టైమ్ స్కేల్ జీతం, పింఛను కావాలని వీళ్ళ సంఘాలు ఏ ప్రభుత్వం ఉన్నా ధర్నా చేస్తూనే ఉన్నాయి. ఎం.జి.ఆర్. ఇచ్చింది ఉద్యోగమా, సాయమా?

మాంబళం టీచరమ్మ:

సాయంగానే ఇచ్చారు నాయనా. ఉద్యోగం చేయాల్సింది తర్వాత వచ్చినవాళ్ళు.

లెక్కల మనిషి:

నలభై ఏళ్ళు దాటింది. రెండు పార్టీలూ మార్చి మార్చి పాలించాయి. టాస్మాక్ ఆదాయం ఎంత పెరిగిందో ప్రతి బడ్జెట్‌లో చూస్తున్నాం. లోకో తమ్ముడూ, మీ అక్క జీతం కాగితం, పేరు చెరిపేసి ఇక్కడ పెట్టు. సహాయకురాలికి మొదట్లో ఎంత ఇచ్చేవాళ్ళో టీచరమ్మ గారికి గుర్తుంటే రాయండి. ధరలతో పోల్చి నేను లెక్క వేస్తాను.